‘ఎ బిట్ ఓటీటీ’ అంటే మెచ్చుకోలా, మందలింపా?

గచ్చిబౌలిలో ఉద్యోగం, లండన్‌లో మేనేజరు. చిన్న సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఒకటి సాఫీగా అయిపోయాక మీరు టీమ్ అంతటికీ కృతజ్ఞతల మెయిల్ పంపారు. దానికి ఆవిడ ‘లవ్‌లీ నోట్, బట్ ఎ బిట్ ఓటీటీ’ అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. నెట్‌ఫ్లిక్స్‌కీ నా మెయిల్‌కీ ఏం సంబంధం, ఇది పొగడ్తా తిట్టా, ఈ మాట నేనెక్కడ వాడొచ్చు, తెలుగులో ఏమంటాం? ఇవీ మీరడిగినవి.

ముందు మీ గుండె కుదుటపడే సంగతి. ఆవిడకు కోపం రాలేదు. వచ్చి ఉంటే ‘లవ్‌లీ’ అనేవారు కాదు. ఇక్కడ ఓటీటీ అంటే ‘ఓవర్ ద టాప్’. ‘బాగుందండీ, కానీ మరీ ఎక్కువైంది’ అని నవ్వుతూ అన్నారు. అయితే ‘ఎ బిట్’ను నమ్ముకోకండి. బ్రిటిష్ వాళ్లు ‘ఎ బిట్’ అన్నంత మాత్రాన నిజంగా కొంచెమే అని కాదు. మొహం మీద అనలేని మాటను పల్చన చేసి అనడం వాళ్ల అలవాటు. కాబట్టి సలహాగా తీసుకుని తర్వాతి మెయిల్‌లో పాటిస్తే సరిపోతుంది.

ఈ మాటకు దగ్గరి చుట్టం మన దగ్గరే ఉంది. ‘శ్రుతి మించి రాగాన పడింది’ అంటాం కదా. గొంతు పెద్దదైందని కాదు అక్కడి ఫిర్యాదు, పెట్టుకున్న శ్రుతిని దాటిపోయిందని. ఓవర్ ద టాప్ కూడా అలాంటిదే. ఎంత ఉందో అది చెప్పదు, పొందిక చెడిందని చెబుతుంది. ఈ సందర్భానికి ఇంత చాలు అని పదిమందీ ఒప్పుకునే గీత ఒకటి ఉండాలి. చేసిన పని ఆ గీత దాటాలి. చూసేవాడికి నవ్వో చిరాకో రావాలి. ఈ మూడూ కుదిరితేనే మాట అతుకుతుంది.

అందుకే సాంబారులో ఉప్పు ఎక్కువైతే ఓవర్ ద టాప్ అనరు, ‘టూ సాల్టీ’ అంటారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు 120 దాటితే ‘ఓవర్ ద లిమిట్’, చలానా వస్తుంది. ఖైరతాబాద్ వినాయకుణ్ణి చూడండి. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైంది, 2014కి 60 అడుగులు, 2024లో 70 అడుగులు. అయినా ఓవర్ ద టాప్ అనే మాట అక్కడ అతకదు, ఎత్తే ఆ మండపం ఆనవాయితీ కాబట్టి. నాలుగు కార్లు పట్టే అపార్ట్‌మెంట్ సెల్లార్‌కు క్రేన్ పెట్టి పన్నెండడుగుల విగ్రహం తెప్పించి, కిరీటం బీమ్‌కు తగులుతోందని వాచ్‌మన్ తల పట్టుకున్నాడనుకోండి, అప్పుడది ఓవర్ ద టాప్. 70 అడుగులకు అతకని మాట 12 అడుగులకు అతికింది.

మాట నోటి దాకా వచ్చినప్పుడు ‘దేన్ని మించింది?’ అని ఒకసారి అడగండి. జవాబు అంకె అయితే ‘టూ మచ్’, ‘ఎక్సెసివ్’, ‘ఓవర్ ద లిమిట్’ లాంటివి వాడండి. జవాబు అభిరుచి, మర్యాద, సందర్భం అయితే ఓవర్ ద టాప్ వాడండి. అలంకరణ, దుస్తులు, పొగడ్త, నటన, ప్రకటన, ఎవరైనా స్పందించిన తీరు, భద్రతా ఏర్పాట్లు: ఇవీ దీనికి బాగా అలవాటైన చోట్లు. ఏడాది పాప పుట్టినరోజుకు ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, పొగల మధ్య నుంచి కేకు ఎంట్రీ. చూసొచ్చిన వాళ్లు ‘ద కేక్ ఎంట్రీ వజ్ ఎ బిట్ ఓవర్ ద టాప్’ అంటారు. ఖర్చెంతో వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఇది ప్రతిసారీ విమర్శే అనుకోకండి. ముందు ఏ మాట చేరిందో చూడాలి. ‘గ్లోరియస్లీ ఓవర్ ద టాప్’, ‘డిలైట్‌ఫుల్లీ ఓవర్ ద టాప్’ అంటే మురిసిపోతున్నారని అర్థం. మన మాస్ సినిమాల్లో హీరో ఎంట్రీల గురించి విదేశీ విమర్శకుడు ‘గ్లోరియస్లీ’ అని మొదలుపెట్టాడంటే ఈల వేశాడన్న లెక్క. ‘వే ఓవర్ ద టాప్’, ‘కంప్లీట్లీ ఓవర్ ద టాప్’, ‘రిడిక్యులస్లీ ఓవర్ ద టాప్’ అంటే మాత్రం విసుగే. ఏదీ లేకుండా వస్తే స్వరాన్ని బట్టి, పక్కనున్న మాటల్ని బట్టి పోల్చుకోవాలి. మీ మెయిల్ విషయంలో ‘లవ్‌లీ’ ఆ పని చేసింది.

మాట ఎక్కడిదంటారా, అంత నవ్వులాటది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు నెలల తరబడి కందకాల్లో ఉండేవారు. ఆఫీసరు విజిల్ ఊదగానే నిచ్చెన ఎక్కి, కందకం గట్టు దాటి, ఎదుటి తుపాకుల వైపు నడవాలి. దాన్నే ‘గోయింగ్ ఓవర్ ద టాప్’ అన్నారు. 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర అలా గట్టు దాటిన ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యం 57 వేల మందికి పైగా నష్టపోయింది. గాయపడినవారూ గల్లంతైనవారూ పోగా చనిపోయినవాళ్లే 19 వేల పైన. కాపాడే అంచును దాటి పోవడం అనే ఆ అర్థం యుద్ధం తర్వాత మెత్తబడి, ఉండాల్సిన మేర దాటి పోవడం అయింది. ఓటీటీ అని పొడి అక్షరాల్లో అనడం బ్రిటన్ వాడుక. 1982లో అక్కడ ఆ పేరుతోనే ఒక టీవీ కార్యక్రమం వచ్చింది, అంటే స్ట్రీమింగ్ అనే ఊహ కూడా లేని రోజుల్లో.

ఇక నెట్‌ఫ్లిక్స్, ఆహా సంగతి. అక్కడి ఓటీటీ కూడా ఓవర్ ద టాప్‌కు పొట్టిపేరే గానీ అతితో దానికి చుట్టరికం లేదు. మీ గల్లీ కేబుల్ ఆయన, డీటీహెచ్ కంపెనీ వీళ్లెవరి ప్రమేయమూ లేకుండా, ఇంట్లో ఉన్న ఇంటర్నెట్ మీదుగా నేరుగా వచ్చే ప్రసారం కాబట్టి టెలికాం వాళ్లు ఆ పేరు పెట్టారు. ఇక్కడ తమాషా ఏమిటంటే మన దగ్గర అది పాలవాడికి కూడా తెలిసిన మాటైపోయింది, ఇంగ్లండ్‌లో మామూలు జనం మాత్రం ‘స్ట్రీమింగ్’ అనే అంటారు. మీ మేనేజరుతో ‘ఐ సా ఇట్ ఆన్ ఓటీటీ’ అంటే ఆవిడ అర క్షణం ఆగుతారు. ‘ఐ స్ట్రీమ్డ్ ఇట్’ అనండి.

మరో రెండు చోట్ల కూడా బోల్తా పడే వీలుంది. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ జరుగుతుంటే కామెంటేటర్ ‘హీ గోజ్ ఓవర్ ద టాప్’ అంటాడు. బ్యాటర్ అతి చేశాడని కాదు, లోపలి ఫీల్డర్ల తలల మీదుగా గాల్లో కొట్టాడని. టీ20 పవర్‌ప్లేలో ఆరు ఓవర్ల పాటు 30 గజాల సర్కిల్ బయట ఇద్దరే ఫీల్డర్లు ఉంటారు కాబట్టి అప్పుడు పైనుంచి కొట్టడం తెలివైన పని, ఆ మాటలో మెప్పే ఉంది. వంట వీడియోలో ‘స్ప్రింకిల్ కొరియాండర్ ఓవర్ ద టాప్’ అంటే పైన కొత్తిమీర చల్లమని, అంతే. ‘ఓవర్ ద టాప్ ఆఫ్’ అని వెనక ఇంకో మాట వస్తే దాదాపు ఎప్పుడూ అసలు అర్థమే: గేటు మీదుగా, గోడ మీదుగా.

అమెరికా క్లయింట్లతో ఇంకొకటి గుర్తుంచుకోండి. ‘యువర్ డొనేషన్ పుట్ అస్ ఓవర్ ద టాప్’ అంటే మీరిచ్చిన డబ్బుతో మేం పెట్టుకున్న లక్ష్యం దాటేశాం అని. అది ధన్యవాదం. ‘పుట్ సమ్‌వన్ ఓవర్ ద టాప్’ అనే ఈ వాడుకలో గెలుపు ఉంది, అతి లేదు.

వ్యాకరణం దగ్గర మన వాళ్లు ఎక్కువగా జారే చోటు ‘ద’. తెలుగులో ఆర్టికల్ లేదు కాబట్టి ‘ఓవర్ టాప్’ అని రాసేస్తారు, అది మాట కాకుండా పోతుంది. ‘దీ’ అని దీర్ఘం తీయక్కర్లేదు, ‘ద’ చాలు, ఊనిక ‘టాప్’ మీద. నామవాచకానికి ముందు వస్తే మూడు పదాలనూ హైఫన్లతో కలపాలి: ‘యాన్ ఓవర్-ద-టాప్ రియాక్షన్’. క్రియ తర్వాత వస్తే హైఫన్లు అక్కర్లేదు: ‘ద రియాక్షన్ వజ్ ఓవర్ ద టాప్’. మనిషి అతి చేశాడని చెప్పాలంటే ‘గో’ కావాలి, వస్తువు ముందు ‘విత్’ రావాలి: ‘దే వెంట్ ఓవర్ ద టాప్ విత్ ద లైటింగ్’. ‘దే డిడ్ ఓవర్ ద టాప్’ అనేది ‘ఓవర్ చేశారు’కు మన సొంత తర్జుమా, ఇంగ్లిష్ కాదు. ‘వెరీ ఓవర్ ద టాప్’ తప్పని కొట్టేయలేం గానీ చెవికి ‘వే’, ‘సో’, ‘టోటల్లీ’ బాగుంటాయి.

అన్నిటికన్నా పెద్ద తికమక మన హైదరాబాద్ ఇంగ్లిష్‌లోనే ఉంది. అతిని తిట్టడానికి మనం ఇంగ్లిష్ ముక్కలే తెచ్చుకున్నాం, కానీ వాటికి మన అర్థాలు పెట్టుకున్నాం. మళ్లీ ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ఆ ముక్కలను అలాగే పట్టుకెళ్తే పని జరగదు.

‘ఓవరాక్షన్ చేయకు’ ఉంది. దీన్ని ‘డోంట్ డు ఓవరాక్షన్’ అంటే లండన్‌లో అర్థం కాదు. ఇంగ్లిష్‌లో ఇది మూడు ముక్కలుగా విడిపోతుంది. చిన్న సంగతికి పెద్దగా అరిస్తే, ఏడిస్తే అది ‘ఓవర్‌రియాక్టింగ్’. స్టేజీ మీదో కెమెరా ముందో మోతాదు మించి నటిస్తే ‘ఓవర్‌యాక్టింగ్’. జ్వరం తగ్గిన మర్నాడే జిమ్‌కు వెళ్లి గంటసేపు బరువులెత్తితే ‘ఓవర్‌డూయింగ్ ఇట్’. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోలేకపోతే, ప్రవర్తన గురించి అయితే, ‘దట్స్ ఎ బిట్ ఓవర్ ద టాప్’ అని గట్టెక్కవచ్చు.

‘టూ మచ్ చేస్తున్నవ్ రా’ అనేదాన్ని నిన్నమొన్నటి దాకా ఇంగ్లిష్ టీచర్లు వెక్కిరించేవారు. ఇప్పుడు అమెరికన్ కుర్రకారు ‘యూ ఆర్ డూయింగ్ టూ మచ్’ అని సరిగ్గా ఇదే అర్థంలో అంటున్నారు. ‘ఎక్స్‌ట్రాలొద్దు’ కూడా అంతే. వాళ్ల ‘షీ ఈజ్ సో ఎక్స్‌ట్రా’కు మన ఎక్స్‌ట్రాలకు భావం ఒక్కటే. కానీ వాళ్లకది విశేషణం, బహువచనం ఉండదు, ‘డోంట్ డు ఎక్స్‌ట్రాస్’ అనకూడదు. రెండూ దోస్తుల మధ్య మాటలు, ఆఫీసు మెయిల్‌లోకి తేవద్దు. ‘బిల్డప్ ఇవ్వకు’ మాత్రం పూర్తిగా మనదే. ఇంగ్లిష్ బిల్డప్ అంటే కొద్దికొద్దిగా పేరుకోవడం, లేదా రాబోయే దానికి ముందు పెంచే ఆసక్తి. మనం అనే బిల్డప్‌కు ‘స్టాప్ షోయింగ్ ఆఫ్’ సరిపోతుంది.

ఆఫీసులో ఎప్పుడు వాడొద్దో కూడా చెప్పాలి. అప్రైజల్ రిపోర్టు, ఫిర్యాదు, ఒప్పందం లాంటి కాగితాల్లో దీనికి చోటు లేదు, అక్కడ ‘ఎక్సెసివ్’, ‘డిస్‌ప్రపోర్షనేట్’. ఇంకా ముఖ్యం, ఎవరైనా తమకు అన్యాయం జరిగిందని చెప్పుకుంటుంటే వాళ్ల స్పందనను ఓవర్ ద టాప్ అనకండి, ‘నీ బాధ నాటకం’ అన్నట్టు వినబడుతుంది. పై అధికారి కోపం గురించి ఆయన ముందే అంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. వస్తువు గురించి, మన సొంత పని గురించి అంటే ఏ గొడవా రాదు. ప్రెజెంటేషన్ పంపే ముందు ‘డజ్ ద సెకండ్ స్లైడ్ లుక్ ఓవర్ ద టాప్?’ అని అడగడం మంచి అలవాటు. ‘ఐ మే హ్యావ్ గాన్ ఎ బిట్ ఓవర్ ద టాప్ విత్ ద యానిమేషన్స్’ అని ముందే ఒప్పుకుంటే ఎదుటివాళ్లు నవ్వేస్తారు.

దీని పక్కింటి మాటలు కొన్ని ఉన్నాయి, ఒకదాని బదులు ఇంకొకటి పెడితే అర్థం పక్కకు పోతుంది. ‘గో ఓవర్‌బోర్డ్’ ఓడ అంచు మీదుగా నీళ్లలో పడటం నుంచి వచ్చింది. మనిషి ఉత్సాహం ఆపుకోలేక ఎక్కువ చేసినప్పుడు వాడతారు: నుమాయిష్‌కు ఒక దుప్పటి కొందామని వెళ్లి ఆటో నిండా సామాన్లతో తిరిగొస్తే ‘ఐ వెంట్ ఓవర్‌బోర్డ్’. అందులో తిట్టు తక్కువ, పశ్చాత్తాపం ఎక్కువ. ‘ఓవర్‌కిల్’ అణ్వాయుధాల పోటీ కాలంలో చలామణీలోకి వచ్చింది. శత్రువును ఒకసారి నాశనం చేయడానికి చాలినదానికి ఎన్నో రెట్లు పోగేయడం. పదిమంది వాడే అంతర్గత పేజీకి మూడు స్థాయుల ఆమోదాలు పెడితే ఓవర్‌కిల్. అందులో అభిరుచి ప్రసక్తి లేదు, అవసరానికి మించిన సాధనం అనే లెక్క ఉంది. ఐటీ వాళ్లకు రోజూ పనికొచ్చే మాట ఇదే.

‘గిల్డ్ ద లిలీ’ నాకు నచ్చిన మాట. ఇప్పటికే అందంగా ఉన్నదానికి మెరుగులు దిద్ది పాడుచేయడం. షేక్‌స్పియర్ ‘కింగ్ జాన్’ నాటకంలో ఉన్నది నిజానికి మేలిమి బంగారానికి పూత పూయడం, లిలీ పువ్వుకు రంగు వేయడం. జనం నోట రెండూ కలిసిపోయి పువ్వుకే బంగారు పూత పడింది. దమ్ సరిగ్గా పడిన బిర్యానీ మీద క్రీమ్ పోసి, చెర్రీలు పెట్టి, వెండి రేకు అంటిస్తే అది గిల్డింగ్ ద లిలీ. బిర్యానీ బాగా లేకపోతే ఈ మాట వాడకూడదు, అడుగున లిలీ ఉండాలి కదా.

పొగడ్తలో అతికి ‘లేయింగ్ ఇట్ ఆన్ థిక్’ ఉంది, ‘విత్ ఎ ట్రవెల్’ అని కూడా చేరుస్తారు. ట్రవెల్ అంటే మేస్త్రీ చేతిలోని తాపీ, సిమెంటు మెత్తినట్టు పొగడ్త మెత్తడం. మన ‘మునగచెట్టు ఎక్కించడం’ దీనికి దగ్గరే, కానీ అందులో స్వలాభం కూడా ఉంటుంది కాబట్టి అది ‘బటర్ అప్’కు ఇంకా దగ్గర. మంచి గుణమే అతి అయినప్పుడు ‘టు ఎ ఫాల్ట్’. అతి దానంతో కట్టుబడిపోయిన బలిచక్రవర్తిని ఓవర్ ద టాప్ అంటే వెటకారం, ‘జెనరస్ టు ఎ ఫాల్ట్’ అంటే గౌరవం పోదు. ధరలు పైకి పోతే ‘త్రూ ద రూఫ్’. బాలాపూర్ లడ్డూ 1994 వేలంలో 450 రూపాయలు, 2024లో 30 లక్షల వెయ్యి. ‘ద ప్రైస్ హ్యాజ్ గాన్ త్రూ ద రూఫ్’ అంటే జరిగింది చెప్పినట్టు. అదే ధరను ఓవర్ ద టాప్ అంటే పాడుకున్న భక్తుడి మీద తీర్పు ఇచ్చినట్టు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒక్క మాటతో అన్ని చోట్లా నెగ్గుకురాలేం. రోజువారీ సంభాషణకు ‘మరీ ఎక్కువైంది’, ‘మరీ ఇంతా?’ చాలు, గల్లీలో అయితే ‘జర అతి అయితాంది’. రాతలో ‘అతిగా ఉంది’, ‘శ్రుతి మించింది’. అలంకరణ గురించి అయితే ‘ఆర్భాటం ఎక్కువైంది’ ఇంకా బాగా పలుకుతుంది. ‘హద్దు మీరింది’ మాత్రం పెట్టకండి. అది తప్పు చేశావనే నింద, ‘క్రాస్డ్ ద లైన్’కు సరిజోడు. సబ్‌టైటిళ్లలో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది, సరదాగా అన్న పాత్ర కాస్తా చెయ్యెత్తి కొట్టబోతున్నట్టు తయారవుతుంది. ‘గోరంతను కొండంత చేయడం’ కూడా వేరే, అది ఉన్నదాన్ని పెంచి చెప్పడం. ‘అతి సర్వత్ర వర్జయేత్’ను దీనికి అనువాదంగా వాడేవాళ్లున్నారు. అది ఎలా బతకాలో చెప్పే మాట, ఇది కర్టెన్ల రంగు నచ్చలేదని చెప్పే మాట.

మళ్లీ మీ మెయిల్‌కు వద్దాం. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ రిలీజ్‌లో రెండు లాగిన్ బగ్‌లు పోయాయి, రిపోర్టు తెరుచుకోవడం పన్నెండు సెకన్ల నుంచి నాలుగుకు తగ్గింది. మీరేమో ‘హిస్టారిక్’, ‘అన్‌ప్యారలల్డ్’, ‘నో వర్డ్స్ ఆర్ ఇనఫ్’ అన్నారు, ఆశ్చర్యార్థకాలు ఏడు. మనకది ఆత్మీయత, ఆవిడకు రెండు బగ్‌ల మీద పట్టాభిషేకం. విశేషణాలు తీసి జరిగిన పనిని పెట్టండి: ‘థాంక్స్, ఆల్. ద రిపోర్ట్ నౌ ఓపెన్స్ ఇన్ ఫోర్ సెకన్స్ ఇన్‌స్టెడ్ ఆఫ్ ట్వెల్వ్, అండ్ బోత్ లాగిన్ బగ్స్ ఆర్ గాన్. నైస్‌లీ డన్.’ బగ్ సరిచేసిన వాళ్ల పేర్లు కలిపితే ఇంకా మంచిది. ఒక్క ఆశ్చర్యార్థకం ఉంచుకోవచ్చు, పెద్ద నేరం కాదు.

ఆవిడకు జవాబుగా ‘ఫెయిర్ పాయింట్, ఐ విల్ టోన్ ఇట్ డౌన్ నెక్స్ట్ టైమ్’ అని ఒక్క వాక్యం రాయండి. ‘టోన్ డౌన్’ అంటే సరిగ్గా మన శ్రుతి తగ్గించడమే. క్షమాపణ మూడు పేరాలు రాశారో, అది కూడా ఓటీటీయే.